ప్రయాణ సామగ్రి పట్టిక – దాని ఉపయోగం

మన ఇళ్లలో ప్రయాణం నిశ్చయం కాగానే ముందుగా అటక మీది పెట్టె దిగుతుంది. చేతికి అందిన దానినల్లా అందులో కుక్కి, మూత పడనప్పుడు దానిపై కూర్చుని తాళం వేసి, రైలు కదిలిన తరువాత మరచిన వస్తువులను ఒక్కొక్కటిగా జ్ఞాపకం చేసుకోవడం చాలామందికి అలవాటు. పెట్టె సర్దుకోవడం కూడా ఒక విద్యేనా అని విద్యార్థులు నవ్వవచ్చు. కాని విజ్ఞానయాత్రలకు, క్రీడా పోటీలకు, ప్రవేశ పరీక్షలకు ఏటేటా మన కళాశాల నుండి బయలుదేరే విద్యార్థినీ విద్యార్థులను చూస్తూ ఉంటే, ఈ చిన్న విషయాన్ని కొంత విపులంగానే చర్చించవలసి ఉన్నదని తోస్తుంది.

పట్టికకు తెలుగులో మరొక పేరు జాబితా. ఈ మాట ఉర్దూలోని ‘జాబ్తా’కు దగ్గర చుట్టం. అక్కడ దాని అర్థం నియమం, కట్టుబాటు. ఉభయ భాషలూ వినిపించే మన కళాశాలలో ఈ బంధుత్వాన్ని గుర్తు చేయడం అసందర్భం కాదనుకుంటాను. ఒకనాటి అవసరానికి చిత్తుకాగితం మీద గీకి పారవేసేది జాబితాయే కావచ్చు గాని జాబ్తా కాదు. ఇక్కడ నేను చెప్పదలచినది రెండవ రకం పట్టికను గూర్చి. దానిని ఒకసారి శ్రద్ధగా వ్రాసుకుని, ప్రతి ప్రయాణానికీ మళ్లీ తీసి వాడుకుని, తిరిగి వచ్చిన పిమ్మట దిద్దుకోవాలి.

జ్ఞాపకశక్తి చాలదా? సామర్థ్యానికీ మరపుకూ ఉన్న సంబంధం విచిత్రమైనది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, రైట్ ఫీల్డ్ అనే చోట, బోయింగ్ వారి మోడల్ 299 అనే కొత్త యుద్ధవిమానం పరీక్షార్థం పైకి లేచి, కొద్ది క్షణాలలోనే నేలకూలింది. యంత్రంలో లోపమేమీ లేదు. విమానం నేలపై నిలిచి ఉన్నప్పుడు దాని చుక్కానులు గాలికి కొట్టుకోకుండా బిగించి ఉంచే గడియ ఒకటి ఉంటుంది. పైకి లేచే ముందు దానిని విడిపించడం మరచిపోయారు. నడిపిన మేజర్ ప్లాయర్ హిల్ సైన్యంలో ఆరితేరిన చోదకుడు. ఆయనా, బోయింగ్ వారి చోదకుడు లెస్లీ టవర్ కూడా ఆ ప్రమాదం వల్ల మరణించారు. దీనికి విరుగుడుగా చోదకులకు మరింత శిక్షణ ఇవ్వాలని ఎవరైనా అనుకోవచ్చు. వారు చేసినది అది కాదు. బయలుదేరే ముందు, పైకి లేచే ముందు, దిగే ముందు చూసుకోవలసిన అంశాలను చిన్న కాగితంపై వ్రాసి చోదకుని చేతికిచ్చారు. ఆ విమానమే బి-17 అనే పేరుతో రెండవ ప్రపంచ యుద్ధంలో ప్రసిద్ధి కెక్కింది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సలకై 19 అంశాల పట్టికను వెలువరించినప్పుడు కూడా ఇదే సూత్రాన్ని అనుసరించింది. మనస్సు నిలకడగా ఉన్నప్పుడు ఆలోచించి వ్రాసినది, మనస్సు తొందరలో ఉన్నప్పుడు కాపాడుతుంది. పెట్టె సర్దే వేళకు మన మనస్సు ఎప్పుడూ తొందరలోనే ఉంటుంది కదా!

మన తెలుగువారికి కూడా ఈ దృష్టి కొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుండి పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ మజిలీలో సామానులు దొరుకుతాయి, ఏ మజిలీలో దొరకవు, దారి ఎట్టిది అనే సంగతులు ఓపికగా నమోదై ఉన్నాయి. తన తరువాత వచ్చే బాటసారికి పనికివచ్చేటట్లు వ్రాయడమే దాని గొప్పదనం. మంచి పట్టిక చేయవలసిన పని కూడా అదే.

ఇక పట్టిక నిర్మాణం. ఉదాహరణకు డిసెంబరు చివర ఢిల్లీ, ఆగ్రాలకు పోయే విజ్ఞానయాత్రను తీసుకుందాం. బట్టలతో మొదలుపెట్టడం అందరూ చేసేదే గాని, అది సరియైన వరుస కాదు. పోయినచో డబ్బిచ్చినా తిరిగి దొరకనివి ముందు వ్రాయాలి. రైలు టికెట్టు, గుర్తింపు కార్డు అసలు ప్రతి, రోజూ వాడే మందులు, వైద్యుని చీటీ, కళ్లద్దాలు, పరీక్షకు పోతున్నట్లయితే హాల్ టికెట్టు – ఇవి మొదటి వరుస. ఉబ్బసం ఉన్న విద్యార్థికి పీల్చే మందు, మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ చొక్కా, ప్యాంటులతో పాటు లెక్కించదగినవి కావు. తరువాతి వరుసలో ఆ ప్రాంతానికి ప్రత్యేకంగా కావలసినవి ఉండాలి. ఆ రోజుల్లో ఢిల్లీలో రాత్రి ఉష్ణోగ్రత తరచు 8 డిగ్రీల కంటె దిగువకు పోతుంది. మన ఎండలకు అలవాటుపడిన పిల్లలు ఒక్క దుప్పటితో బయలుదేరడం సాహసమే. సబ్బు, పళ్లపొడి, తువ్వాలు వంటివి చివర వ్రాసినా నష్టం లేదు. ఏ ఊరి అంగడిలోనైనా దొరుకుతాయి.

పట్టికలో వస్తువులతో పాటు పనులకు కూడా చోటుండాలి. తాజ్ మహల్‌ను శుక్రవారం నాడు సందర్శకులకు మూసి ఉంచుతారు. ఈ ఒక్క పంక్తి వ్రాసి ఉంచుకోని బృందం ఆగ్రా దాకా పోయి గోపురాన్ని దూరం నుండి చూసి రావలసి వస్తుంది. తీసుకుపోకూడనివి కూడా వ్రాయాలి. వంటవానిని వెంటబెట్టుకుని, కిరసనాయిలు స్టవ్వుతో రైలెక్కే బృందాలు ఉన్నాయి. 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షను ప్రకారం ప్రమాదకర వస్తువులతో ప్రయాణించిన వారికి మూడేండ్ల వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

ఏమి కావాలో వ్రాస్తే సగం పని అయినట్లే. ఎక్కడ పెట్టాలో వ్రాసినప్పుడు గాని మిగిలిన సగం పూర్తికాదు. దీనికి హజ్ యాత్ర కంటె మంచి నిదర్శనం లేదు. మన విద్యార్థులలో పలువురు తమ అమ్మమ్మ తాతయ్యల పెట్టెలు సర్ది నాంపల్లి హజ్ హౌస్ వరకు సాగనంపినవారే. నేరుగా జిద్దాకు పోయే విమానంలో మీఖాత్ దాటక ముందే ఇహ్రామ్ ధరించి ఉండాలి. పురుషులకు కావలసిన కుట్టులేని ఆ రెండు తెల్లని వస్త్రాలు విమానం అడుగున వేసే పెద్దపెట్టెలో ఉండిపోతే ఆ వృద్ధుడు ఏమి చేయగలడు? వస్త్రాలు తెచ్చాడు, పట్టికలో గుర్తు కూడా పెట్టాడు. అయినా అవసరానికి అందలేదు. అందుచేత ‘ఇహ్రామ్’ అని వ్రాసి ఊరుకోక ‘ఇహ్రామ్ – చేతిసంచిలో’ అని వ్రాయాలి. మొదట మదీనాకు పోయేవారికి ఈ తొందర లేదు గనుక దాని ప్రక్కనే ‘జిద్దాకు అయితే’ అనే షరతు కూడా చేర్చాలి.

అల్లాహ్‌పై భారం వేసి బయలుదేరేవారికి ఇన్ని లెక్కలెందుకు అనే పెద్దలూ లేకపోలేదు. పూర్వం యెమన్ వాసులు కొందరు తోషా లేకుండా, తాము దైవంపై ఆధారపడినవారమని చెప్పుకుంటూ హజ్‌కు వచ్చి, మక్కా చేరిన పిమ్మట జనాన్ని యాచించేవారని హదీసు గ్రంథాలలో ఉన్నది. ప్రయాణానికి తోషా సమకూర్చుకొమ్మనే ఖురాన్ ఆదేశం ఆ సందర్భంలోనే వచ్చినదని ఇబ్నె అబ్బాస్ వివరించారు. తవక్కుల్‌కూ తోషాకూ వైరం లేదు.

పట్టికను వాడడంలో ఒక్క మెలకువ ఉన్నది. వస్తువు కంటికి కనిపించగానే గుర్తు పెట్టరాదు. సంచిలో పడిన తరువాతనే పెట్టాలి. ‘అదిగో బల్లమీద ఉన్నది’ అని గుర్తు పెట్టిన వస్తువు బల్లమీదనే ఉండిపోతుంది. చివరి ఘడియ వరకు వాడుకలో ఉండే వస్తువులు మరీ మోసగిస్తాయి. ఫోను ఛార్జరు, కళ్లద్దాలు, ఉదయం వేసుకునే మాత్రలు రాత్రి సర్దడానికి వీలులేనివి. వీటిని వేరే చిన్న చీటీపై వ్రాసి తలుపు లోపలి వైపు అంటించుకోవడం మేలు. బసచేసిన గది ఖాళీ చేసేటప్పుడు కూడా అదే చీటీ పనికివస్తుంది.

తిరిగి వచ్చిన రోజున, అలసట ఉన్నా సరే, పది నిమిషాలు కూర్చుని పట్టికను దిద్దాలి. ఒక్కసారైనా బయటికి తీయని వస్తువును కొట్టివేయాలి, వెతుక్కున్న వస్తువును చేర్చాలి. మందులను మాత్రం ఈ సూత్రంతో కొట్టివేయరాదు. అవి వాడే అవసరం రాకపోవడమే మనకు కావలసినది. మూడు నాలుగు ప్రయాణాలకు పట్టిక పొట్టిదవుతుంది, పెట్టె తేలికవుతుంది. స్లీపరు తరగతిలో మనిషికి 40 కిలోలు ఉచితమని రైల్వేవారు అన్నంత మాత్రాన అంతా మోయాలని లేదు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. కలవారి బిడ్డ స్వెట్టరు మరచితే ఢిల్లీలో మరొకటి కొంటాడు. ఆటో నడిపేవారి కొడుకు, బీడీలు చుట్టే తల్లి కూతురు మరచితే చలికి వణుకుతూ, అడగడానికి సిగ్గుపడి ఊరుకుంటారు. యాత్రకు రుసుము చెల్లించడానికే ఆ ఇంట ఎంతో కూడబెట్టి ఉంటారు. పట్టిక అవసరం వీరికే ఎక్కువ. కావున యాత్రకు పదిహేను రోజుల ముందే తెలుగులోను, ఉర్దూలోను పట్టిక అచ్చువేసి ఇంటికి పంపితే, లేనిదానిని బంధువులనో ఇరుగుపొరుగునో అడిగి తెచ్చుకునే వ్యవధి తల్లిదండ్రులకు దొరుకుతుంది. అప్పటికీ సమకూరని వారికై కళాశాల పది స్వెట్టర్లు, పది దుప్పట్లు కొని బీరువాలో ఉంచి, ఎవరికిచ్చినదీ నలుగురిలో ప్రకటించకుండా ఇవ్వవచ్చు. బృందం అంతటికీ కావలసిన ప్రథమ చికిత్స పెట్టె, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, తల్లిదండ్రుల ఫోను నెంబర్ల కాగితం వెంట వెళ్లే అధ్యాపకుల పట్టికలో చేరాలి. ప్రతి యాత్ర తరువాత దిద్దిన ప్రతిని, దిద్దిన తేదీ వేసి, గ్రంథాలయంలో ఒక ఫైలులో ఉంచితే వచ్చే ఏటి విద్యార్థులు అక్కడి నుండి మొదలుపెడతారు.