గ్రంథాలయమున శకటరేఫము

అహోబల నృసింహునికి అంకితమైన నృసింహపురాణమును కోరి యొక పాఠకుడు గ్రంథాలయమునకు వచ్చి, కంప్యూటరులో ‘ఎర్రన’ అని వెదకెననుకొందము. పట్టిక వ్రాసినవారు ‘ఎఱ్ఱన’ అని బండి ‘ఱ’తో వ్రాసియున్నచో, పుస్తకము బీరువాలో నున్నను, యంత్రము లేదని చెప్పవచ్చును. దానికి రేఫము వేరు, శకటరేఫము వేరు, వేర్వేరు సంఖ్యలు. క్షేత్రనామమునందును ఇదే చిక్కు: కొందరు అహోబిలమందురు, కొందరు అహోబలమందురు. ఆ కవికో, శంభుదాసుడను మరియొక పేరు కూడ కలదు!

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935లోనే గ్రంథాలయ శాస్త్ర బోధన ఆరంభించెను. కార్డులపై పట్టిక వ్రాయు కాలమున విద్యార్థులు ఒక నామమును ప్రధానముగా నిర్ణయించి, తక్కిన నామములకు ‘చూడుము’ అను కార్డులు చేర్చుట నేర్చెడివారు. కంప్యూటరు వచ్చినను ఆ పని తీరలేదు. న్యూజీలాండులో పుట్టి 2000లో వాడుకకు వచ్చిన కోహా అను ఉచిత సాఫ్ట్‌వేరునందు ఇట్టి నామములను కలుపు ఏర్పాటు కలదు. కాని ఏ నామమును దేనితో కలుపవలెనో తెలుపవలసినది తెలుగు చదివిన గ్రంథపాలకుడే.

మీటలు నొక్కుట కొలది దినములలో పట్టుబడును. విద్యార్థిచే పాత తెలుగు పుస్తకములకు పట్టిక వ్రాయించి, వేరొకరిచే వెదకించి, దొరకని పుస్తకమునకెల్ల ఒక మార్కు తగ్గింపవలెనని మా కోరిక.