కోతకు సెలవుంది, సెగకు లేదు

ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న ఆడవాళ్లకు బాగా తెలిసిన జీవో ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చింది. గర్భసంచి తీయించుకున్న ఉద్యోగినికి 45 రోజుల వరకు ప్రత్యేక సెలవు ఇస్తుంది. మంచి జీవోనే. అంత పెద్ద ఆపరేషన్ అయ్యాక ఆ మాత్రం విశ్రాంతి లేకపోతే మనిషి కోలుకోదు. అదే ఉద్యోగిని గర్భసంచి ఉంచుకుని, నలభై అయిదో ఏట నుంచి ఏళ్ల తరబడి నిద్ర పట్టని రాత్రులతో, ఉన్నట్టుండి ఒళ్లంతా కమ్మేసే సెగలతో, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో తెలియని రక్తస్రావంతో డ్యూటీకి వస్తోందనుకోండి. ఆమె కోసం రాసిన కాగితం ఒక్కటీ లేదు. ఉన్నవి మామూలు సెలవులే. ఆడవాళ్ల ఒంటిని మన ఆఫీసులు పట్టించుకునేది కాన్పప్పుడూ కోతప్పుడూ మాత్రమే.

సెలవు కోసం ఎవరూ కడుపు కోయించుకోరు, నిజమే. కానీ ఈ లెక్క తెలుగు నేల మీద ఊరికే వదిలేసేది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎనిమిది మందికి పైనే. వీళ్లలో చాలామందికి ముప్పైల్లోనే ఆపరేషన్ అయిపోయింది. మిరప కోతకో పత్తి తీతకో వెళ్లే మనిషికి నెలలో పది రోజులు రక్తం పోతే పది రోజుల కూలి పోయినట్టే. పిల్లలు పుట్టేశారు కదా, ఇక సంచితో పనేముంది అని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నుంచి ఇంట్లో అత్తగారి దాకా అందరిదీ ఒకే సలహా. రక్తస్రావం తగ్గించే మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది. వాటి పేరెత్తేవాళ్లు తక్కువ.

సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ఒళ్లు కొన్నేళ్ల పాటు మెల్లగా సర్దుకోవలసిన మార్పు కొద్ది రోజుల్లోనే వచ్చి పడుతుంది. అండాశయాలు ఉంచినా ముట్లుడగడం ముందుకు జరగొచ్చు. మామూలుగా మన దేశంలో అది 46, 47 ఏళ్ల దగ్గర వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో 51. మన దగ్గర ముప్పై అయిదేళ్లకే ఆ దశలోకి వచ్చిపడి, ఇదేమిటో చెప్పేవాళ్లు లేక, గుండెజబ్బేమోనని ఈసీజీలు తీయించుకుంటున్నవాళ్లున్నారు. అంత చిన్న వయసులో అండాశయాలు పోతే, వద్దనడానికి వేరే కారణం లేనప్పుడు, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ మందులు వాడమనే వైద్యం చెబుతుంది. 2002లో ఒక అమెరికా అధ్యయనం రేపిన భయం ఆ మందుల చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉంది. అరవై లోపు ఉండి, ముట్లుడిగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతుల్లో చాలామందికి నష్టం కంటే మేలే ఎక్కువని తర్వాతి పరిశీలనల్లో తేలినా సరే. ఇక ఆపరేషన్ల సంగతికొస్తే, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ముట్లుడగడం ఇంత ముందే వచ్చిపడుతోంది కాబట్టి, మెనోపాజ్ అనగానే ఏసీ గదిలో కూర్చున్న యాభై ఏళ్ల మేడమ్ ఒక్కరే గుర్తొస్తే లాభం లేదు. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు పల్లెవెలుగు బస్సులో టికెట్లు కొడుతున్న కండక్టరమ్మ కూడా గుర్తుకు రావాలి.

సెగ వచ్చేటప్పుడు ఛాతీలో మొదలై మెడ, చెవులు, మొహం మీదికి ఎగబాకుతుంది. కొద్ది నిమిషాలే. ఆ వెంటనే చెమట, దాని వెనకే చలి. ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం మరీ సున్నితమైపోయి, ఇసుమంత వేడి పెరిగినా ఒళ్లు కాలిపోతోందన్నంత హడావుడి చేస్తుంది. ఎక్కువగా వచ్చేవాళ్లకు ఇది ఏడేళ్లు, అంతకు మించి కూడా ఉండొచ్చు. ఇక బస్సులో ఇంజన్ వేడి, పైన రేకు వేడి, చుట్టూ జనం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. పథకం మంచిదే. ఎక్కిన ప్రతి ఆడమనిషికీ సున్నా టికెట్ కొట్టి ఇవ్వాల్సిందీ ఈ కండక్టరమ్మే, కిక్కిరిసిన బస్సులో, నిలబడి.

చివరి స్టాపులో మరుగుదొడ్డి ఉంటే అదృష్టం. లేని చోట నీళ్లు తాగడం మానేస్తారు. ముట్లుడిగే వయసులో మూత్రనాళం పొర పలచబడి, ఆపుకోవడం కష్టమవుతుంది, ఇన్‌ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. నీళ్లు తాగకపోతే అవి ఇంకా ముదురుతాయి. 2019లో తెలంగాణ ఆర్టీసీలో 52 రోజుల సమ్మె ముగిశాక, మహిళా కండక్టర్ల డ్యూటీ రాత్రి ఎనిమిది లోపు ముగిసేలా చార్టు వేయాలని అప్పటి ముఖ్యమంత్రి చెప్పారు. అది భద్రత కోసం. ఆడవాళ్ల కోసం చార్టు మార్చడం సంస్థకు సాధ్యమేనని మాత్రం ఆ మాటతోనే ఒప్పుకున్నట్టయింది.

బ్రిటన్‌లో ఈ సంగతి కోర్టుల దాకా వెళ్లింది. 2012లో బీటీ టెలికాం సంస్థ మీద ఒక ఉద్యోగిని ట్రిబ్యునల్లో గెలిచింది. మెనోపాజ్ వల్ల ఏకాగ్రత దెబ్బతింటోందని డాక్టరు ఉత్తరం ఇచ్చినా మేనేజరు దాన్ని పక్కన పెట్టి, తన భార్య అనుభవంతో పోల్చి చూసుకుని ఆమెను ఉద్యోగంలోంచి తీసేశాడు. మన ఆఫీసుల్లో అలాంటి సార్లు ఎందరో. సార్లనే అనడం కూడా న్యాయం కాదు. మేమంతా ఈ వయసు దాటి రాలేదా, ఇంత గొడవ చేశామా అనే సీనియర్ మేడమ్ దగ్గర నోరు విప్పడం ఇంకా కష్టం.

అయితే ప్రత్యేక సెలవు అడగాలా? మెనోపాజ్ సెలవును ప్రయోగాత్మకంగా పెట్టి చూడమని పార్లమెంటు కమిటీ సూచిస్తే బ్రిటన్ ప్రభుత్వం 2023లో కాదంది. మన సుప్రీంకోర్టు 2024 జూలైలో నెలసరి సెలవు పిటిషన్ మీద, తప్పనిసరి చేస్తే ఆడవాళ్లకు ఉద్యోగాలివ్వడానికే వెనకాడతారేమోనని అనుమానపడింది. ఆ అనుమానం ఆడవాళ్లలోనూ ఉంది, అందుకే అడగరు. నా లెక్కలో సెలవు రెండో మాట. ఏడేళ్లు ఉండేదానికి ఎన్ని రోజులని సెలవు ఇస్తారు? ముందు కావలసింది పని చేసే చోటు కాస్త సర్దుకోవడం. ఒంటికి గాలాడే యూనిఫాం, రూటు చివర తాళం వేయని మరుగుదొడ్డి, మెడికల్ బోర్డు గుమ్మం ఎక్కకుండా నైట్ డ్యూటీ మార్చుకునే వీలు. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది కాబట్టి ఏటా ఒక రక్తపరీక్ష కూడా.

ఒక్కటి ఈ ఏడే మొదలుపెట్టొచ్చు. ఏప్రిల్లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు టీచర్లను పిలుస్తారు. మినహాయింపు కావాలంటే జబ్బు పేరు, సర్టిఫికెట్, పదిమంది ముందు బతిమాలుకోవడం. నలభై అయిదు దాటిన టీచరమ్మలు కారణం చెప్పక్కర్లేకుండా కూలరు పక్క బల్ల అడిగి తీసుకోవచ్చని, మధ్యలో పావుగంట లేచి వెళ్లొచ్చని, అవసరమైతే తమ వంతు పేపర్లు మర్నాటికి జరుపుకోవచ్చని డీఈఓ ఇచ్చే ఉత్తర్వులో రెండు వాక్యాలు చేరిస్తే సరిపోతుంది. దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. ఆ కూలర్లో నీళ్లు పోసే మనిషిని ఒకరిని పెట్టాలి, అంతే.