కాలిపోయింది బోర్డా, బిళ్లా?

2023 వానాకాలంలో ఒక రాత్రి బెంగళూరులో మా ఇంటి దీపాలు ఉన్నట్టుండి పెళ్లిపందిట్లో లాగా వెలిగిపోయాయి. ఆ వెలుగుకు ఆశ్చర్యపోయేలోపే రెండు బల్బులు టప్పుమన్నాయి. ఫ్యాను గిర్రున తిరగడం మొదలుపెట్టింది. నేను పరుగున వెళ్లి మెయిన్ ఆపేసరికే జరగాల్సింది జరిగిపోయింది. తెల్లవారి చూస్తే వాషింగ్ మెషిన్ ఉలకదు, పలకదు.

వీధిలో న్యూట్రల్ తీగ తెగిందట. మన ఇంటికి వచ్చేది ఒక ఫేజు, ఒక న్యూట్రల్. ఆ రెంటి మధ్య 230 వోల్టులు. వీధిలో మాత్రం మూడు ఫేజులుంటాయి, ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 వోల్టులు. న్యూట్రల్ తెగితే వేరు వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఆ 400ను పంచుకోవాల్సి వస్తుంది. అన్నదమ్ముల పంపకంలా అది సమానంగా ఉండదు. వాడకం తక్కువగా ఉన్న ఇంటికే వోల్టేజి ఎక్కువ వెళుతుంది. ఆ రాత్రి మా ఇంట్లో నడుస్తున్నవి నాలుగు దీపాలు, ఒక ఫ్యాను. వాషింగ్ మెషిన్ నడవకపోయినా దాని ప్లగ్గు స్విచ్చులోనే ఉంది.

వచ్చిన మెకానిక్ మూత విప్పి, వాసన చూసి, "బోర్డు పోయింది సార్, కొత్తది 6,800 అవుతుంది" అన్నాడు. అతన్ని తప్పుపట్టను. బోర్డు మార్చడమే అతనికి నేర్పారు. కానీ అరచేయంత బోర్డు మీద వందకు పైగా భాగాలుంటే, అన్నీ ఒకేసారి చచ్చిపోతాయా?

ప్లగ్గు పీకేశాను. పీకినంత మాత్రాన ప్రమాదం తీరదు. కరెంటును నిలవచేసే పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా మిగిలి ఉండవచ్చు, అది చాలు మనిషిని ఎగరవేయడానికి. పది నిమిషాలు ఆగి, మల్టీమీటరుతో దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజి లేదని చూసుకున్నాకే చేయి పెట్టాను. వైర్లు ఊడదీసే ముందు సెల్‌ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకోవడం మా అమ్మాయి నేర్పిన తెలివి.

కరెంటు లోపలికి వచ్చే మూలలోనే సంగతి కనబడింది. గాజు ఫ్యూజు నల్లబడింది. దాని పక్కన రూపాయి బిళ్ల కంటే చిన్నదైన నీలం బిళ్ల ఒకటి పగిలి మాడిపోయి ఉంది. దాన్ని వేరిస్టర్ అంటారు. మామూలు వోల్టేజిలో అది లేనట్టే ఉంటుంది. వోల్టేజి హద్దు దాటగానే తానే దారి ఇచ్చి కరెంటునంతా తనగుండా లాగేసుకుంటుంది, ఆ దెబ్బకు ఫ్యూజు పోతుంది. మెరుపు తాకిడి లాంటి క్షణికమైన దెబ్బలను అది తట్టుకుంటుంది. నిమిషాల తరబడి ఎక్కువ వోల్టేజి ఉంటే మాడిపోతుంది. అంటే బోర్డును కాపాడబోయి పోయింది అదే!

బిళ్ల మీద చెరిగిపోగా మిగిలిన అంకెలు 471. అంటే 47 పక్కన ఒక సున్నా, 470 వోల్టులు. మొత్తం పేరు 14డి471కె. 14 అంటే బిళ్ల వెడల్పు మిల్లీమీటర్లలో. ఇవి తెలిస్తే కొట్లో తడుముకోనక్కరలేదు.

కాలింది మార్చేసి ఊరుకుంటే కొత్తదీ కాలుతుంది. పక్కనున్నవన్నీ చూడాలి. నాలుగు డయోడ్లూ మీటరు మీద ఒకవైపే పలికాయి, బాగున్నాయి. 400 వోల్టుల కెపాసిటర్ తల మాత్రం పూరీలా ఉబ్బింది. ఎందుకు ఉబ్బదు? లోపలికి వచ్చే ఏసీ 400 అయితే డయోడ్లు దాటాక 560 అవుతుంది.

మూడు భాగాలూ ఎస్పీ రోడ్డులో 45 రూపాయలకు దొరికాయి. చెన్నైవారికి రిచీ స్ట్రీట్, ముంబైవారికి లామింగ్టన్ రోడ్డు ఉన్నాయి. కెపాసిటర్ మీద 105 డిగ్రీలు అని ఉన్నదే అడగండి, వేడికి ఎక్కువకాలం నిలుస్తుంది. ఒకవైపు గీత ఉన్న కాలు మైనస్. తిప్పి పెడితే పేలుతుంది.

టంకం పెట్టడం నేర్చుకోవడానికి ఒక పాత రేడియో బోర్డు పాడుచేస్తే చాలు. చిన్నప్పుడు గిన్నెలకు మాట్లు వేసేవాళ్లను చూసినవారికి అది కొత్తేమీ కాదు. అతికించే చోటును ముందు వేడిచేయాలి, టంకం దానంతటదే కరిగి పాకాలి. కిటికీ తీసి పెట్టుకోండి, అందులో సీసం ఉండవచ్చు కాబట్టి పని అయ్యాక చేతులు కడుక్కోండి. బోర్డు మీది మసిని మాత్రం నేను ఓపిగ్గా గీకాను, ఎందుకంటే మసి కూడా కరెంటును మోస్తుంది.

బోర్డును నేరుగా ప్లగ్గులో పెట్టలేదు. పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బును ఫేజు తీగకు వరుసలో కలిపి, బోర్డును చెక్కబల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని స్విచ్చు వేశాను. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్టు ఉందన్నమాట. ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. బోర్డు కీచుమని పలికింది.

ఇది విని పక్కింటి వదినగారు, "మా మెషిన్ కూడా ఆ రాత్రే పోయింది అన్నయ్యగారూ, వీధి మెకానిక్ 300కే బాగుచేశాడు" అన్నారు. నాకెందుకో అనుమానం వచ్చింది. విప్పి చూస్తే బిళ్లను కత్తిరించేశాడు, ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టాడు! మెషిన్ నడుస్తోంది, నిజమే. మళ్లీ న్యూట్రల్ తెగితే ఆపేవాడు లేడు. గోడమీది బ్రేకర్ పడేలోపు బోర్డు అంటుకోవచ్చు. ఆ మెషిన్ పక్కనే వాళ్ల గ్యాసు సిలిండరు. ఆవిడ ముఖం పాలిపోయింది. "ఎంతవుతుంది?" అన్నారు. "20 రూపాయలు" అన్నాను.

అన్ని బోర్డులూ ఇంట్లో బాగుపడవు. నీళ్లు తగలకుండా జిగురు పోసిన బోర్డుల్లో భాగాలు అందవు. ప్రోగ్రాము ఉన్న చిప్పు పోతే కొట్లో కొన్నది పనికిరాదు. వారంటీ ఉంటే విప్పకండి. మైక్రోవేవ్ ఓవెన్ జోలికి అసలు వెళ్లకండి, దాని కెపాసిటర్‌లో రెండువేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్రాణం తీస్తుంది.

ఆ ఆదివారమే వదినగారి బోర్డుకు ఫ్యూజు, బిళ్ల పెట్టాం. టార్చి పట్టుకుని నిలబడిన వాళ్ల పెద్దబ్బాయి, తీసేసిన రాగితీగను కాగితంలో చుట్టి, మెకానిక్‌కు చూపిస్తానని జేబులో వేసుకున్నాడు.