కొండల మాట విన్న గురువు – గిడుగు రామమూర్తి పంతులు

అరకు లోయలో వారపు సంత జరిగే రోజున కాసేపు నిలిచి ఆలకిస్తే, తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా, కువి, కొండ, గదబ వంటి భాషలెన్నో చెవిన పడతాయి. బయటివారు వీటిని ‘యాసలు’ అని తేలికగా అనేస్తారు. నిజానికి ప్రతిదీ తనదైన పదసంపద, తనదైన వ్యాకరణం గల భాషే. ఆ ఇళ్ల బిడ్డ తొలిసారి బడిలో అడుగుపెట్టినప్పుడు ఉపాధ్యాయుని మాట అతనికి అర్థం కాదు. మౌనంగా కూర్చున్న ఆ పసివానికి మందబుద్ధి అన్న ముద్ర వేయడం ఎంత సులభం!

అరకు నుంచి ఈశాన్యంగా సాగే ఇవే తూర్పు కనుమలు పార్వతీపురం, సీతంపేట మీదుగా పర్లాకిమిడి వరకు వ్యాపించాయి. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. శతాబ్దానికి పూర్వమే అక్కడ ఒక ఉపాధ్యాయుడు, శిష్యుడు తన భాష నేర్చుకోవడానికి ముందే తాను శిష్యుని భాష నేర్చుకోవాలని పూనుకున్నారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులు. తెలుగువారు ఆయనను వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఎరుగుదురు. ఆయన సవర కృషిని ఎరిగినవారు తక్కువ. మా దృష్టిలో ఆ రెండూ ఒకే ఆలోచనకు రెండు ముఖాలు.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో ఆయన జన్మించారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయారు. మెట్రిక్యులేషన్ ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే పట్టభద్రులయ్యారు. ముఖలింగ దేవాలయ శాసనాలను చదవడం స్వయంకృషితో నేర్చుకున్నారు.

సవరలతో పరిచయం కలిగిన తరువాత, తెలుగూ సవరా తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకొని ఆ భాష అభ్యసించారు. కొండలెక్కి సవర పల్లెలు తిరిగారు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని, ఆ చెవుడు జీవితాంతం వదలలేదని జీవితచరిత్రకారులు తెలుపుతారు. ఒక జాతి మాటను ఆలకించడానికి వెళ్లి చెవులనే పోగొట్టుకున్నా ఆయన ఆ పని మానలేదు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపారు. పాఠ్యపుస్తకాలు రాశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా తనకు వద్దని, ఆ ధనంతో సవరలకు వారి భాషలోనే చదువు చెప్పించమని కోరారు. 1931లో ఆయన రచించిన సవర భాషా వ్యాకరణ గ్రంథం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ప్రభుత్వం 1934లో కైజర్–ఇ–హింద్ పతకంతో గౌరవించింది.

సవర భాషకు అప్పటికి వ్యాకరణ గ్రంథమూ లేదు, కావ్యమూ లేదు. అయినా అది క్రమం తప్పని నియమాలతో నడుస్తున్నది. కాబట్టి భాషకు ప్రాణం జనుల నోటిలో ఉంది. గ్రంథం దాని వెనుక వస్తుంది. వ్యాకరణం వాడుకను వివరించాలే తప్ప శాసించరాదు. ఈ దృష్టితోనే ఆయన తెలుగు సాహిత్యాన్ని పరిశీలించారు. మహాకవుల ప్రయోగాలు సైతం వ్యాకరణ సూత్రాలకు లొంగవని ‘బాలకవి శరణ్యము’లో నిరూపించారు. పూర్వ పండితులు వచనం రాసినప్పుడు వాడుక రూపాలనే ఆశ్రయించారని ‘గద్య చింతామణి’లో ఉదాహరణలు కూర్చి చూపారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనలలోని దోషాలను ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో ఎత్తిచూపారు.

జయంతి రామయ్య పంతులు ప్రభృతులు తీవ్రంగా ప్రతిఘటించారు. విద్యార్థులు వాడుక భాషలో వ్యాసాలు రాయవచ్చునన్న అనుమతిని ప్రభుత్వం ఇచ్చినట్టే ఇచ్చి ఉపసంహరించుకుంది. గిడుగు వారు ‘తెలుగు’ అనే పత్రిక నెలకొల్పి, ఊరూరా ఉపన్యసించి వాదించారు. చివరికి 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై నిషేధాన్ని తొలగించింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే నేడు తెలుగు భాషా దినోత్సవం.

మన గృహాలకు ఈ చరిత్రతో సంబంధమేమిటని కొందరు అడగవచ్చు. మానవుల భాషలలోని, వర్ణాలలోని భిన్నత్వం అల్లాహ్ సూచనలలో ఒకటని దివ్య ఖుర్ఆన్ సూరా రూమ్‌లో తెలియజేస్తుంది. ప్రతి ప్రవక్తా తన జాతి భాషలోనే సందేశం వినిపించాడని సూరా ఇబ్రాహీమ్ బోధిస్తుంది. కనుక ఏ భాషనైనా హీనమని ఎగతాళి చేయడం విశ్వాసికి తగదు. గిడుగు వారి శ్రీకాకుళ సీమకే చెందిన భాషావేత్త చిలుకూరి నారాయణరావు గారు ముస్లిమేతరులై ఉండి కూడా ఖుర్ఆన్‌ను తెనిగించారు. ఆ మేలును తెలుగు ముస్లింలు మరువరాదు.

ఏళ్ల తరబడి మదరసాలో బోధిస్తున్న మేము ఒక విషయం గమనించాము. పాఠాన్ని తడబడకుండా అప్పగించే బిడ్డను దాని భావమడిగితే మౌనం వహిస్తాడు. అదే సంగతిని అతని ఇంటి మాటలో వివరిస్తే కళ్లు వెలుగుతాయి. కంఠస్థం అవశ్యకమే, దాని పుణ్యం దానిదే. అర్థం మాత్రం బిడ్డకు తెలిసిన భాష ద్వారానే హృదయానికి చేరుతుంది.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా సహా 8 గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభించింది. సవరల కోసం గిడుగు వారు కోరినది అప్పటికి దశాబ్దాల తరబడి నిలిచిపోయిన కోరిక. ఇప్పటికీ ఆ బోధన ప్రతి కొండపల్లెలోనూ స్థిరపడవలసే ఉంది.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. బిడ్డ బడి నుంచో మదరసా నుంచో వచ్చినప్పుడు ‘ఎంత అప్పగించావు?’ అని అడిగిన తరువాత, ‘నీకేమి అర్థమైంది? మన మాటలో నానమ్మకు చెప్పు’ అని కూడా అడగండి. చెప్పలేకపోతే కసురుకోకండి. మీరే ఓపికగా విడమరచి చెప్పండి.