వరిమడిలో మీథేన్ : ఆరుతడి సాంకేతికత, నీటి విధానం - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

హరితగృహ వాయువులు అనగానే థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలు, వాహనాల పొగ మనసులో మెదులుతాయి. నిండుగా నీరు కట్టిన వరిమడి కూడా ఆ వరుసలో ఉన్నదంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. కాని మీథేన్ వాయువుకు అది ఒక ముఖ్య ఆధారం. దానిని తగ్గించే సాంకేతికత చవకైనది, పైగా చాలా కాలంగా అందుబాటులో ఉన్నది. అయినా తెలుగు నేలలోని పొలాల్లో అది ఇంకా నిలదొక్కుకోలేదు. నీరు, విద్యుత్తు రైతుకు చేరే తీరే ఇందుకు ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. మడిలో జరిగేది:

దమ్ము చేసి నీరు నిలగట్టిన మడిలో మట్టికి గాలి అందదు. ఆ స్థితిలో పాత పంట మోళ్ళు, పచ్చిరొట్ట, పశువుల ఎరువు కుళ్ళినపుడు కొన్ని సూక్ష్మజీవులు మీథేన్‌ను పుట్టిస్తాయి. అందులో కొంతే బుడగలుగా నీటిలోంచి బయటపడుతుంది. అధికభాగం వరి మొక్క గుండానే పైకి వస్తుంది. నీటిలో మునిగిన వేళ్ళకు గాలిని అందించడానికి మొక్క ఏర్పరచుకున్న సన్నని దారులే ఈ వాయువుకు బయటి దారులవుతాయి. మీథేన్ వాతావరణంలో సుమారు 12 ఏళ్ళు మాత్రమే నిలుస్తుంది. కాని అదే బరువు గల కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే నూరేళ్ళ లెక్కన సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ళ లెక్కన దాదాపు 80 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి దీనిని తగ్గిస్తే ఫలితం ఈ తరానికే కనిపిస్తుంది.

ఈ లెక్కల వెనుక ఒక వివాదం కూడా ఉన్నది. భారతదేశపు వరిపొలాలు ఏటా దాదాపు 3.8 కోట్ల టన్నుల మీథేన్ విడుదల చేస్తున్నాయని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒకప్పుడు అంచనా వేసింది. ఎ.పి. మిత్ర నాయకత్వంలో 1991లో మన పొలాల్లోనే జరిపిన కొలతలలో అది సుమారు 40 లక్షల టన్నులని తేలింది. బతుకుదెరువు కోసం వెలువడే ఉద్గారాలను, విలాసాల వల్ల వెలువడే ఉద్గారాలను ఒకే గాటన కట్టరాదని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వాదించిందీ ఆ సంవత్సరమే. 2021లో గ్లాస్గోలో ప్రకటించిన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలో భారతదేశం చేరకపోవడం వెనుక ఈ తర్కం ఉన్నది. అది న్యాయమైన తర్కమే. అయితే నీటిని పొదుపు చేసే పద్ధతిని పక్కన పెట్టడానికి దానిని సాకుగా చూపడం సరికాదు.

3. ఆరుతడి - పద్ధతి, పదం:

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి కావలసిన పరికరం సుమారు 30 సెంటీమీటర్ల గొట్టం. దాని కింది సగానికి రంధ్రాలు చేసి, ఆ సగాన్ని మడిలో దిగవేసి, లోపలి మట్టిని తీసివేస్తారు. నాటిన రెండు వారాల తరువాత నీటిని ఇంకనిస్తారు. గొట్టంలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరినపుడు మళ్ళీ 5 సెంటీమీటర్ల మేర నీరు కడతారు. పూత దశలో మాత్రం మడి ఆరకూడదు. పలుమార్లు ఆరనిచ్చిన మడిలో మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుందని ఐపీసీసీ మార్గదర్శకాలు లెక్కగడతాయి. యూరియా అతిగా చల్లే చోట నైట్రస్ ఆక్సైడ్ పెరిగి ఈ లాభంలో కొంత హరించుకుపోతుందన్నది మరువరాదు.

తెలుగులో దీనిని ‘ఆరుతడి’ అనీ, ‘తడి-పొడి’ అనీ వ్యవహరిస్తున్నారు. ‘ఆరుతడి’ రైతుకు కొత్త పదం కాదు. మొక్కజొన్న, వేరుశనగ వంటివి ఆరుతడి పంటలు. అంటే ఈ మాట ఇంతకాలం వరికి ఎదురుగా నిలిచినది. మాగాణి-మెట్ట, తెలంగాణలో తరి-ఖుష్కీ అనే రెవెన్యూ విభజనలు కూడా వరిని నిలువ నీటితోనే ముడిపెట్టాయి. ‘ఆరుతడి వరి’ అన్నపుడు రైతు సందేహించడంలో వింత లేదు.

4. విధానం దగ్గర చిక్కు:

మడిలో నిలిచిన నీరు కలుపును అణచివేస్తుంది. ఆరబెడితే కలుపు కూలీ పెరుగుతుంది. 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతుల పొలాల్లో పరీక్షించిన ‘శ్రీ’ పద్ధతికీ ఇదే అడ్డంకి ఎదురైంది. అదనపు శ్రమ రైతుది. నీటి పొదుపు వల్ల అతని చేతికి వచ్చేదేమిటి?

బోరుబావి కింద సేద్యంలో జవాబు తేలికగానే దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉన్నది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి అది 24 గంటలూ అందింది. మోటారు ఎంతసేపు నడిచినా బిల్లు రాదు. కరెంటు రాగానే తనంతట తానే మోటారును నడిపే ఆటో స్టార్టర్ ఉంటే మడి ఆరే అవకాశమే తక్కువ. ఉచిత విద్యుత్తును తొలగించమనడం సులభమే, కాని వర్షాధార ప్రాంతపు చిన్న రైతుకు అది ఆధారం. మిగిల్చిన విద్యుత్తుకు రైతుకు సొమ్ము చెల్లించే పద్ధతి ఇంతకంటే మెరుగైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

గోదావరి డెల్టాలో చిక్కు వేరు. అక్కడ అనేక చోట్ల నీరు ఒక మడి నుండి మరొక మడికి పారుతుంది. ఎగువ రైతు నీరు కడుతుంటే దిగువ రైతు తన మడిని ఆరబెట్టలేడు. ఎగువ రైతు ఆరబెడితే దిగువ మడికి అవసరమైన వేళ నీరందదు. కాలువ శివారు రైతుకు, వదిలిన నీరు తిరిగి ఎప్పుడు వస్తుందోనన్న భయం ఎప్పుడూ ఉంటుంది. అందువల్ల వచ్చినపుడే నిండుగా కట్టుకుంటాడు. ఇక్కడ గొట్టం చూసి నిర్ణయించవలసినది రైతు ఒక్కడే కాదు, కాలువకు నీరు వదిలే అధికారి కూడా. కార్బన్ క్రెడిట్ పథకాలు రైతును విడిగా నమోదు చేసుకుంటే డెల్టాలో ఆ లెక్క నిలవదు. 1997 నాటి చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలను ప్రమాణంగా తీసుకుని, ముందే ప్రకటించిన వంతుల ప్రకారం కాలువకు నీరు వదిలి, తగ్గిన మీథేన్‌ను ఆ సంఘం పరిధిలోని మొత్తం ఆయకట్టుకు లెక్కించి చెల్లిస్తే, ఎగువ రైతు, శివారు రైతు ఒకే రోజున మడి ఆరబెట్టగలుగుతారు.