కొండదారుల యోబ్స్ట్ బ్రాంట్

మన సండూరు తాలూకాలో కొండలకు కొదవ లేదు. చోరనూరు నుంచి యే దిక్కుకు బయలుదేరినా సైకిలు దిగి తోసుకుంటూ యెక్కవలసిన గడ్డ ఒకటి తగలక మానదు. ఆ యెర్రమట్టి దారుల్లో బ్రేకు పట్టి దిగినవారికి ఈ వ్యాసంలోని పెద్దమనిషి పరాయివాడుగా తోచడు.

మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఉద్యోగాలకు వెళ్ళిన కాలిఫోర్నియాలో పాలో ఆల్టో అనే వూరు వున్నది. దానికి పడమటగా శాంటా క్రూజ్ కొండలు. ఆ వూళ్ళోనే యోబ్స్ట్ బ్రాంట్ వుండేవారు. తండ్రి కార్ల్ బ్రాంట్ హిట్లరు పాలనలో జర్మనీ వదలి వచ్చిన అర్థశాస్త్రవేత్త. కొడుకు 1935లో పుట్టి, స్టాన్‌ఫర్డులో ఇంజనీరింగు చదివి, పోర్షె మోటారు కంపెనీలోనూ, హ్యూలెట్ పాకార్డులోనూ పని చేశారు. ఆదివారం ఉదయం మాత్రం ఆయన ఇంటి ముందు సైకిళ్ళు చేరేవి. అక్కడినుంచి బృందమంతా కొండల్లోకి.

వారు తొక్కినవి సన్న టైర్ల పందెపు సైకిళ్ళు! మట్టిదారి, రాళ్ళు, వాగులు అన్నీ వాటితోనే దాటారు. కొండకు కొండ సైకిలే కావాలన్నది అంగడివాళ్ళ మాటేమో అనిపిస్తుంది. ఆ బృందంలో తిరిగిన కుర్రవాడు టామ్ రిచీ తరువాత పేరుపొందిన సైకిలు తయారీదారు అయ్యాడు. 1979లో గారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి కొండ సైకిళ్ళ వ్యాపారం పెట్టినప్పుడు ఫ్రేములు కట్టింది అతడే.

బ్రాంట్ గారి మాట కటువు. తప్పు చెప్పినవాణ్ణి మొగమాటం లేకుండా సరిదిద్దేవారు. అయినా అడిగినవాడు అపరిచితుడైనా సరే, విడమరచి జవాబు చెప్పేవారు. 1981లో వెలువడిన ఆయన పుస్తకం పేరు ‘ది బైసికిల్ వీల్’. అంతా చక్రం గురించే.

సైకిలు మీద కూర్చున్న మనిషి బరువు దేనిమీద పడుతుంది? పై స్పోకులకు వేలాడుతున్నదని చాలామంది అనుకుంటారు. ఆయన లెక్క వేసి వేరే మాట చెప్పారు. స్పోకులన్నీ ముందే గట్టిగా బిగించి వుంటాయి గదా. బరువు పడగానే పై స్పోకుల బిగువు పెద్దగా మారదు. నేలకు దగ్గరగా వున్న కింది స్పోకుల బిగువు మాత్రం తగ్గుతుంది. ఆ తగ్గుదలే బరువును మోయడం. అందుచేత హబ్బు కింది స్పోకులమీదనే నిలుస్తున్నదన్నారు. చక్రం తిరిగే కొద్దీ ప్రతి స్పోకూ వదులై, మళ్ళీ బిగుసుకుంటుంది. వేలసార్లు అలా జరిగి లోహం అలిసిపోయి విరుగుతుంది. మందమైన స్పోకు వేయడం దీనికి మందు కాదు. అన్నిటినీ సమంగా, చాలినంత బిగించాలి. బిగించాక పక్కపక్కన నడిచే స్పోకులను జతలుగా పట్టుకొని గట్టిగా పిండాలి. వంపుల దగ్గర లోహంలో మిగిలిన ఒత్తిడి అలా తీరుతుంది.

ఈ మాటలు చదివినప్పుడు నాకు మన పాత అద్దె సైకిళ్ళ షాపులే కళ్ళముందు మెదిలాయి. బెండు తీసే మేస్త్రీ స్పోకును వేలితో మీటి చెవి వొగ్గేవాడు. మోత ఒక్కటిగా వుంటే బిగువు సమంగా వున్నట్టు. ఇంజనీరు కాగితంమీద తేల్చినదానిలో సగం ఆ చెవికి తెలుసు.

2011లో జరిగిన ప్రమాదంతో బ్రాంట్ గారి కొండ ప్రయాణాలు ఆగిపోయాయి. 2015 మే 5న, ఎనభై యేళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయనతో తిరిగినవారు ఆ దారులను ఇప్పటికీ ఆయన పేరుతోనే తలచుకుంటారు. చక్రం కట్టే విధానం మాత్రం పుస్తకంలో వున్నది. స్పోకు కీ పట్టుకొని కూర్చున్న యెవరైనా చూసి నేర్చుకోవచ్చు.

మన మేస్త్రీలు పుస్తకం రాయలేదు. పక్కన కూర్చుని చూసిన కుర్రవాడే వారి పుస్తకం. మోటారు సైకిళ్ళు వచ్చాక ఆ పీటమీద కూర్చునేందుకు కుర్రవాళ్ళు రావడం తగ్గింది.