ఎవరు ముందు... ఎవరు వెనక?

నాలుగు బ్యాంకులు ఒక్కటయ్యాయి. బోర్డులు మారాయి, పాస్‌బుక్కులు మారుతున్నాయి. అసలు చిక్కు మాత్రం రైతుకు కనపడని ఓ కాగితంలో ఉంది. అదే... సీనియారిటీ జాబితా!

అద్దంకి మిర్చి రైతు పంట రుణానికి ఒక గ్రామీణ బ్యాంకు మెట్లెక్కేవాడు. రేపల్లె వరి రైతు వెళ్లేది ఇంకో గ్రామీణ బ్యాంకుకి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు ఈ రెండు ఊళ్లూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. బ్యాంకులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పాత గుంటూరు జిల్లా వైపు గుంటూరు కేంద్రంగా చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు, పాత ప్రకాశం వైపు కడప కేంద్రంగా ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు. 1970 దాకా అద్దంకి కూడా గుంటూరు జిల్లాదే. 2022లో జిల్లా గీత మారినా బ్యాంకు గీత చెక్కుచెదరలేదు!

అది చెరిగింది 2025 మే 1న. ‘ఒక రాష్ట్రం - ఒక గ్రామీణ బ్యాంకు’ అన్న కేంద్రం నిర్ణయంతో ఈ రెండింటితో పాటు చిత్తూరు కేంద్రంగా నడిచే సప్తగిరి, ఉత్తరాంధ్రలో ఉన్న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలూ కలిసి ‘ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు’ అయ్యాయి. ప్రధాన కార్యాలయం అమరావతి. స్పాన్సర్ యూనియన్ బ్యాంక్. అంతకు ముందు ఒక్కో బ్యాంకుకి ఒక్కో పెద్దదిక్కు ఉండేది... యూనియన్ బ్యాంక్, కెనరా బ్యాంక్, ఇండియన్ బ్యాంక్, స్టేట్ బ్యాంక్.

నలుగురన్నదమ్ముల ఉమ్మడి కుటుంబంలో పెద్దవాడెవరో చెప్పడానికి పుట్టినరోజు చాలు. నాలుగు బ్యాంకుల ఉద్యోగుల్లో పెద్దవాడెవరు? ఇక్కడే తిరకాసు.

ఒకే పరీక్ష... రెండు దారులు

ఇద్దరు ఆఫీసర్లను ఊహించుకోండి. 2012లో గ్రామీణ బ్యాంకుల నియామకాలకు ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష మొదలైంది. ఇద్దరూ అందులోనే నెగ్గారు. ఒకరికి గుంటూరు బ్యాంకు, ఇంకొకరికి కడప బ్యాంకు దక్కింది. పని ఒకటే, జీతం ఒకటే. కానీ ప్రమోషన్ రావాలంటే పైన ఖాళీ ఉండాలి కదా! ఆ ఖాళీ శాఖల సంఖ్యను బట్టి, వ్యాపారాన్ని బట్టి, రిటైరయ్యేవాళ్లను బట్టి పుడుతుంది. ఒక బ్యాంకులో అయిదేళ్లకే స్కేల్-2 వచ్చిందనుకుందాం. మరో బ్యాంకులో ఎనిమిదేళ్లు పట్టిందనుకుందాం. ఇప్పుడు ఇద్దరి పేర్లూ ఒకే జాబితాలో రాయాలి. ఉద్యోగంలో చేరిన తేదీ చూస్తే ఇద్దరూ సమానం. స్కేల్-2లోకి వచ్చిన తేదీ చూస్తే మొదటివాడు మూడేళ్లు ముందు. ‘మా బ్యాంకులో ఖాళీల్లేకపోతే అది నా తప్పా?’ అని రెండోవాడి బాధ. ‘మూడేళ్లు ఆ కుర్చీలో బాధ్యత మోసింది నేను కాదా?’ అని మొదటివాడి వాదన. నిజం చెప్పాలంటే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. తంటా అంతా అందుకే.

జాబితాలో నాలుగు వందల స్థానానికీ ఆరు వందల స్థానానికీ ఏముంది తేడా అనిపించొచ్చు. స్కేల్-3 ఖాళీలు ఏటా వచ్చేవే కొన్ని. వెనకపడ్డ ఆ రెండు వందల పేర్లూ ముందు కదలాలి. ఈలోగా అరవై నిండితే ఇంటికే!

ఇది కొత్త కష్టమేం కాదు. 2006లోనే ఒక దఫా జరిగింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పినాకిని, కడపలోని రాయలసీమ, అనంతపురంలోని శ్రీఅనంత... మూడూ కలిస్తే ప్రగతి అయింది. చైతన్య, గోదావరి బ్యాంకులు కలిస్తే చైతన్య గోదావరి. అంటే పినాకినిలో చేరి ఇప్పటికీ సర్వీసులో ఉన్నవాళ్లు తమ పేరును ముచ్చటగా మూడో జాబితాలో వెతుక్కోవాలన్నమాట.

కోర్టు ఏమంది?

గ్రామీణ బ్యాంకుల వాళ్లకి పోరాటాలు అలవాటే. నరసింహం కమిటీ సిఫార్సుతో 1975 అక్టోబరు 2న ఈ బ్యాంకులు పుట్టినప్పుడు ‘పల్లెటూరి బ్యాంకు కదా, తక్కువ జీతం చాలు’ అనుకున్నారు. వాణిజ్య బ్యాంకులతో సమానంగా ఇవ్వాలని 1990లో తీర్పు చెప్పిన ట్రిబ్యునల్‌కు సారథి తెలుగువారైన జస్టిస్ ఓబుల్‌రెడ్డి. పింఛను కోసమైతే 2018 దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రమోషన్ల మీదా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. రాయలసీమ గ్రామీణ బ్యాంకు సహా కొన్ని బ్యాంకుల కేసుల్లో 1998లో కోర్టు ఓ సూత్రం చెప్పింది. ‘సీనియారిటీ-కమ్-మెరిట్’ అంటే పనికి కావలసిన కనీస ప్రతిభ ఉంటే చాలు, ఆ పైన సీనియర్‌కే ముందు పీట. మార్కుల్లో జూనియర్ మించినా సరే! ఆ తీర్పుతో జాబితాలో స్థానానికి విలువ మరింత పెరిగింది.

పైలట్లకీ తప్పలేదు

కాలర్‌కి టై కట్టుకుని ఆకాశంలో తిరిగేవాళ్లదీ ఇదే గొడవ. ఏ విమానం నడపాలి, ఏ ఊళ్లో ఉండాలి, కెప్టెన్ ఎప్పుడవుతారు అన్నవాటికి సీనియారిటీయే ఆధారం. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమయ్యాయి. కాగితం మీద కలిశాయి గానీ పైలట్లు కలవలేదు. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు వాళ్లు జీతాల తేడాపై సమ్మె చేశారు. 2012లో పాత ఎయిరిండియా వైపు వాళ్ల వంతు. కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ అవతలి వాళ్లకి ఎలా ఇస్తారంటూ 58 రోజులు విమానాలెక్కలేదు. అంతకు ముందే, 2011 సమ్మె తర్వాత జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేసి దారి వెతకాల్సి వచ్చింది.

అమెరికాలో ఇంకా విడ్డూరం. 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాయి. మధ్యవర్తి నికొలౌ 2007లో ఇచ్చిన జాబితాలో పదహారేళ్ల సర్వీసున్న పైలట్ పక్కన కొత్తగా చేరిన కుర్రాడి పేరు వచ్చింది. మండిపోయిన ఓ వర్గం పాత యూనియన్‌నే పడగొట్టి కొత్తది పెట్టుకుంది. ఆ తగవు ఏళ్ల తరబడి కోర్టుల్లోనే నానింది.

గ్రామీణ బ్యాంకు ఆఫీసరు అలిగితే విమానం ఆగదు. టీవీలో రాదు. కానీ ఖరీఫ్ ముందు రుణాల రెన్యువల్ ఆలస్యమైతే పత్తి విత్తనాలకి రైతు వడ్డీ వ్యాపారి గుమ్మమెక్కుతాడు. ఏ పొలం సొంతం, ఏది కౌలు, ఎవరి మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలో ధర కోసం ఎదురు చూస్తున్నాయి... ఇవన్నీ ఫైల్లో ఉండవు. ఏళ్ల తరబడి అదే ప్రాంతంలో తిరిగిన ఆఫీసరుకే తెలుస్తాయి. బ్యాంకు ఇప్పుడు రాష్ట్రమంతటిదీ. మాచర్లలో ఉన్నవాళ్లని ప్రమోషన్ మీద ఇచ్ఛాపురం పంపినా కాదనడానికి లేదు. ఇంటి దగ్గర ముసలి తల్లిదండ్రులున్నవాళ్లు ప్రమోషనే వద్దనుకోవడం బ్యాంకుల్లో వింతేమీ కాదు.

విచిత్రమేమిటంటే, ఇన్ని పేచీలు తెలిసిన ఉద్యోగ సంఘమే ఇంకా పెద్ద విలీనం కోరుతోంది. 2005 నాటికి దేశంలో 196గా ఉన్న గ్రామీణ బ్యాంకులు ఇప్పుడు 28. అవన్నీ కలిపి ‘నేషనల్ రూరల్ బ్యాంక్’ చేయాలన్నది ఏఐఆర్‌ఆర్‌బీఈఏ చిరకాల డిమాండ్. అదే జరిగితే అద్దంకి ఆఫీసరు పేరు పైనో కిందో మొరాదాబాద్ ఆఫీసరు పేరు ఉంటుంది. తేదీలు మళ్లీ మొదటి నుంచీ సరిచూసుకోవాలి!